వరాలుకు జోడు

మూడో మట్టం, పదకొండో గల్లీ. భూదేవి ఇంటి గాలి నమోదు.

నమోదు 1

ఆక్సిజన్ 20.2. మోనాక్సైడ్ 4. వేడి 31 డిగ్రీలు. చెడుగాలి పీల్చే సున్నం పళ్లేలు మార్చాను. ఫ్యాను మామూలే.

వ్యాఖ్యల గడిలో "ఏమీ లేదు" అని రాసి ముగించడం నా అలవాటు. గాలి లెక్కల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. గడి దాటి రాసే వాళ్లను కోప్పడ్డదాన్ని. ఈ రోజు గడి చాలదు కాబట్టి వెనక పేజీలో రాస్తున్నాను. వెనక పేజీలు ఎవరూ చదవరు. నా సర్వీసులో నేనూ చదవలేదు.

నా మనవరాలు వరాలుకు ఈ రోజు ఆరేళ్లు నిండాయి. ఇంటింటి గోడపెట్టె రోజూ ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలుస్తుంది; ఆరు నిండేదాకా ఆ పిలుపుకు పిల్లల తరఫున తల్లి పలుకుతుంది. ఆరు నిండిన రోజు నుంచి ఎవరి గొంతుతో వాళ్లు పలకాలి. అందుకే భూమి కింద ఈ మా మట్టంలో ఆరో పుట్టినరోజు పెద్ద పండగ. పాయసం చేశాం. నా కోడలు సుగుణ పిల్లకు కొత్త గౌను తొడిగి గోడపెట్టె ముందు నిలబెట్టింది. గల్లీ అంతా గుమ్మంలో గుమిగూడింది.

పెట్టె పిలిచింది. "వరాలు."

పిల్ల పెట్టె వైపు చూడలేదు. గౌను అంచు కుట్టును వేలితో నిమురుతూ నిలబడింది.

"ఉన్నా అను బిడ్డా" అని సుగుణ గొంతు తగ్గించి చెప్పింది.

రెండోసారి పిలిచింది. మూడోసారి పిలిచింది. ఎర్రదీపం వెలిగింది.

పొద్దున్నుంచి నవ్వుతూ ఉన్న మనుషులు ఒక్క క్షణంలో మారిపోయారు. పక్కింటి ఎల్లవ్వ, ఎదురింటి అన్నదమ్ములు, మా గల్లీ భద్రత చూసే సర్దార్ గట్టయ్య మాస్కులు అందుకొని లోపలికి ఉరికారు. వాళ్ల తప్పు కాదు. గ్యాసు తగిలిన మనిషి నిలబడే ఉంటాడు, కళ్లు తెరిచే ఉంటాడు, తల కూడా ఊపుతాడు. గొంతు మాత్రం ముద్దగా వస్తుంది, లేకపోతే రాదు. అందుకే పెట్టెకు గొంతు కావాలి. మూడు పిలుపులకు పలకని మనిషికి పక్కవాళ్లు మాస్కు వేసి మంచిగాలి వైపు ఈడ్చుకెళ్లాలి. ఈడ్చకపోతే కేసు.

పిల్ల మొహం మీద మాస్కు అదిమారు. గల్లీ చివరిదాకా మోసుకెళ్లారు. అరిచింది. అరుపు పలకడం కిందికి రాదు. గట్టయ్య అరచెయ్యి రక్తం వచ్చేట్టు కొరికింది.

"కొరికే బలమున్నది గదా, పలికే బలం లేదా?" అన్నాడు గట్టయ్య చేతికి గుడ్డ చుట్టుకుంటూ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

పాయసం ఎల్లవ్వ ఇంటివాళ్లు తిన్నారు.

నమోదు 7

ఆక్సిజన్ 20.0. మోనాక్సైడ్ 6. వేడి 32. రెండో ఫ్యాను బెల్టు జారుతోందని ఫిర్యాదు రాశాను.

ఈ వారమంతా పిల్లకు రోజూ మాస్కు పడింది. ఇంట్లో, బడిలో, ఒకసారి నీళ్ల లైనులో కూడా.

రోజూ కూర్చోబెట్టి "ఉన్నా" అనిపించాను. నా ముందు చక్కగా అంటుంది. పెట్టె పిలిస్తే అనదు. మొండితనం అనుకున్నాను. ఆఫీసులో ఎంతోమంది గుమాస్తాల మొండితనం వదిలించాను, ఇదెంత అనుకున్నాను. బెత్తం తీయలేదు కానీ గొంతు పెంచాను. గొంతు పెంచిన రోజున నా ముందు అనడం కూడా మానేసింది.

డాక్టర్ మెహరున్నీసా ఈ రోజు ఇంటికే వచ్చింది. పిల్లతో నేల మీద కూర్చుంది. మొహంలోకి చూసి ప్రశ్నలు వేయలేదు. ఎటో చూస్తూ, గల్లీ తలుపుల గురించి తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడింది. వరాలు ఆ తలుపుల గురించి ఆవిడకు తెలియనివన్నీ చెప్పింది. ఏది కిర్రుమంటుంది, ఏది ఎటు తెరిస్తే గాలి ఎటు మళ్లుతుంది. అంత మాట్లాడగలదని సుగుణకే తెలియదు.

తర్వాత డాక్టర్ మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టింది. నన్ను, సుగుణను, పైన ఎండలో సౌర పలకలు కడిగే షిఫ్టు నుంచి అప్పుడే దిగి వచ్చిన నా కొడుకు ఓదెలును.

"దీన్ని ఆటిజం అంటారు. రోగం కాదు. మందు లేదు, అక్కర కూడా లేదు. ఈ పిల్ల మెదడు పుట్టుక నుంచి వేరే తీరుగా పనిచేస్తుంది. హఠాత్తుగా పేరు పెట్టి పిలిస్తే, అందరూ చూస్తుంటే, గొంతు బిగుసుకుపోతుంది. పలకాలనే అనుకుంటుంది. రాదు."

"నేను కడుపుతో ఉన్నప్పుడు రెండో ఫ్యాను ఒక పూట ఆగిపోయింది డాక్టరమ్మా" అంది సుగుణ. "అప్పుడు నేను బయటికి పోకుండా ఇంట్లనే పడుకున్న. దానివల్లనా?"

"కాదు. నువ్వు చేసింది ఏదీ కారణం కాదు. చేయనిదీ కాదు."

ఓదెలు ఒక్కటే అడిగాడు. "ఇది రికార్డుల రాస్తరా?"

ఆవిడ సంచి సర్దుకోవడం ఆపింది. "నెల ఆపగలను. ఆ తర్వాత నా ఉద్యోగం పోతుంది."

రాస్తే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. ఆరేళ్లు దాటి గొంతు లేని వాళ్లకు మూడో మట్టంలో చోటు లేదు. మొదటి మట్టానికి పంపేస్తారు. అక్కడ గ్యాసు లేదు కాబట్టి పిలుపు కూడా లేదు. నెత్తి మీదే ఎండ. వేసవిలో నలభై తొమ్మిది డిగ్రీలు. మొదటి మట్టం పిల్లల చావుల పట్టిక నేను ఏటా నా చేత్తో వేసేదాన్ని. ఆ అంకెలు ఇక్కడ రాయను.

"పిల్లకు చెప్పండి" అంది డాక్టర్ లేస్తూ.

"ఆరేళ్లదానికి ఏం చెప్పాలి?" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు. తనలో ఏదో తేడా ఉందని తనకు ఇప్పటికే తెలుసు. దానికి మీరు పేరు పెట్టకపోతే తనే ఒకటి పెట్టుకుంటుంది. పిల్లలు తమకు తాము పెట్టుకునే పేర్లు మంచివి ఉండవమ్మా."

నమోదు 9

ఆక్సిజన్ 20.1. మోనాక్సైడ్ 5. వేడి 31.

డాక్టర్ చెప్పింది నిజం. పిల్ల అప్పటికే పేరు పెట్టేసుకుంది.

ఎల్లవ్వ మనవడు, పాకే వయసు చంటివాడు, మా గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. వరాలు ఒక మూలకు జరిగిపోయి రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుంది. ఆటేమో అనుకున్నాను. మొహం నల్లబడుతున్నా తీయలేదు. వెళ్లి చేతులు లాగేశాను.

"ఏం చేస్తున్నవ్?"

"నా గ్యాసు పోతది. బాబుకు."

"నీ గ్యాసేమిటి?"

"నాల గ్యాసున్నది. అందుకే మాస్కు పెడ్తరు."

నాలుగు రోజులుగా తల్లి పక్కన పడుకోవడం మానేసి తలుపు దగ్గర చాప వేసుకుంటున్నది ఇందుకే. మేం మొండితనం కింద లెక్కేశాం.

కొక్కేనికి ఉన్న గ్యాసు మీటరు తీశాను. "ఊదు" అన్నాను. తల అడ్డంగా ఊపింది. నేను ఊదాను. ఐదు. గది మధ్యలో గాలికి పెట్టాను. ఐదు. అప్పుడు మెల్లగా వచ్చి ఊదింది. ఐదు.

"గ్యాసు తగిలిన మనిషి ఊదితే నలభై దాటుతుంది" అన్నాను. "నేను చాలామందికి చూశాను. నీలో లేదు."

సుగుణతో ఊదించమంది. ఐదు. చంటివాడి ముక్కు దగ్గర పెట్టమంది. ఐదు. మళ్లీ తనే ఊదింది. అంకెను చాలాసేపు చూసింది. అంకె మీద నాకున్న నమ్మకమే దానికీ ఉంది.

"మరి గొంతు ఎందుకు రాదు?"

పిల్లలకు పోలిక చెప్పి విడమరచాలని ఎక్కడో విన్నాను. "నీ తలలో ఒక తలుపుంది అనుకో. పెట్టె పిలవగానే అది..."

"నా తలల తలుపు లేదు."

"లేదు" అని ఒప్పుకున్నాను. పోలికలు మానేశాను. "నీ మెదడు వేరే తీరుగా పనిచేస్తది. దాని పేరు ఆటిజం. పుట్టినప్పటి నుంచి ఉన్నది. ఎప్పటికీ ఉంటది. దానివల్ల కొన్ని పనులు నీకు కష్టం. పిలవంగనే పలకడం అందులో ఒకటి. కొన్ని పనులు మాకంటే నీకు బాగా వస్తయి."

"ఏవి?"

"తలుపుల సంగతి."

తల ఊపింది. అది తనకు ముందే తెలుసు. "బాబుకు అంటదా?"

"అంటదు."

"అమ్మకు?"

"ఎవ్వరికీ అంటదు."

"మాస్కు పెడ్తె పోతదా?"

"పోదు."

"మరి ఎందుకు పెడ్తరు?"

"వాళ్లకు తెలియదు."

"చెప్పు."

"ఎవరికి?"

"సర్దార్ తాతకు. ఎల్లవ్వకు. పెట్టెకు." అంత చిన్న విషయానికి నేను ఇంత తంటా ఎందుకు పడుతున్నానో దానికి అర్థం కాలేదు. "నువ్వు చెప్పకుంటె వాళ్లకు ఎట్ల తెలుస్తది బాపమ్మా?"

ఈ రోజు తల్లి పక్కన పడుకుంది.

నమోదు 14

ఆక్సిజన్ 20.0. మోనాక్సైడ్ 5. వేడి 32. ఫ్యాను బెల్టు ఇంకా మార్చలేదు.

చెప్పేశాను. సుగుణ, ఓదెలు ఒప్పుకున్నాకే కమిటీ ముందుకు వెళ్లాను.

ఫ్యాను హౌసులో పనిచేసి చెవులు పోయిన వాళ్లు మా మట్టంలో కొందరున్నారు. పిలుపు వాళ్లకు వినబడదు. వాళ్లను పైకి పంపలేదు. ఒక్కొక్కరికి ఒక జోడును ఇచ్చారు. జోడు పిలుపు వేళ దగ్గర్లో ఉండి, మనిషిని కళ్లారా చూసి, వాళ్ల తరఫున "ఉన్నడు" అనో "ఉన్నది" అనో పలుకుతుంది. అదే హక్కు వరాలుకు ఇవ్వమన్నాను.

కమిటీ కార్యదర్శి శకుంతల నా కింద పనిచేసిన మనిషే. "వాళ్లకు పనిలో పోయింది మేడం. మీ పాపకు పుట్టుకతో లేదు. రెండూ ఒకటెట్లయితయి?"

"గ్యాసుకు ఆ తేడా తెలుసా?"

జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయాను.

"పలకని పిల్లను మీరు రోజూ ఈడుస్తున్నరు. ఒకరోజు నిజంగానే గ్యాసొస్తది. అప్పుడు ఈ పిల్ల ఎప్పుడూ గింతే అని ఎవరూ లేవరు. లేక ఈ పిల్లను ఈడ్చే పనిలో పడి పక్కవాడిని వదిలేస్తరు. మీ పిలుపును మీరే పాడు చేసుకుంటున్నరు."

గట్టయ్య కట్టు ఉన్న చెయ్యి ఒడిలో పెట్టుకొని విన్నాడు. "పెద్దమ్మ చెప్పేది ఖరా మాట" అన్నాడు. అతను అలా అంటాడని నేను అనుకోలేదు.

చివరికి ఒప్పుకున్నారు. జోడు దొరికితే పిల్ల ఇక్కడే. నెల చివరికి దొరక్కపోతే మొదటి మట్టం.

ఒక్కటే షరతు, చట్టంలో ఉన్నదే. జోడు కుటుంబంలో మనిషి కాకూడదు. ఏడో డిప్పులో, లోతుకు దిగే ఆ వాలు దారిలో, గ్యాసు వచ్చినప్పుడు అప్పటి జోడులు తల్లులు, మొగుళ్లు, అక్కలు. తమ వాళ్లు లోపల ఉండగా గ్యాసును ఆపే అడ్డుగోడ మూసేస్తారని, పోయిన వాళ్లకు కూడా "ఉన్నడు, ఉన్నడు" అని పలుకుతూనే ఉన్నారు. గోడ తెరిచే ఉంచారు. గ్యాసు బయటికి పాకింది. ఎనభై ఒక్క మంది పోయారు.

ఆ చట్టం సరైనది. ఈ రోజు కూడా అదే అంటాను.

నమోదు 21

ఆక్సిజన్ 19.9. మోనాక్సైడ్ 6. వేడి 33.

ఇప్పుడు గల్లీ అంతటికీ తెలుసు. తెలిసినందువల్ల ఒక మంచి జరిగింది. కమిటీ నెల గడువు ఇచ్చిందని పిల్లకు మాస్కు వేయడం ఆపారు. ఒక చెడు కూడా జరిగింది. బడిలో పక్కన కూర్చునే పిల్లను వాళ్లమ్మ వేరే బెంచీకి మార్చింది. అంటదని చెప్పాను. "అంటదని తెలుసు టీచరమ్మా, అయినా" అంది. నేను టీచరును కాను. కోపగించుకోలేదు. మనిషి అవసరం నాకుంది.

ఇల్లిల్లూ తిరిగాను. ఇంతకుముందు ఎవరి గుమ్మం ముందూ నిలబడి అడిగినదాన్ని కాను.

ఎల్లవ్వ చంటివాడిని చంకనేసుకొనే మాట్లాడింది. "నిన్ను కాదనాలంటె నాకు సిగ్గయితది భూదేవక్కా. నా కూతురు రెండో షిఫ్టు. వీడు నా చంకల. నేను నీళ్ల లైనుకు పోయినప్పుడు పిలుపొస్తె ఏడ ఉరకాలె చెప్పు?"

ఎదురింటి అన్నదమ్ముల్లో చిన్నవాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కొరుకుతదేమో పెద్దమ్మా!" పెద్దవాడు వాడి నెత్తిన ఒకటి వేశాడు. కానీ తను ఒప్పుకోలేదు.

సాంబయ్య నా ఆఫీసులో పద్దెనిమిదేళ్లు గుమాస్తా. కుర్చీ వేశాడు, చాయ్ ఇచ్చాడు. "నా సెలవు చీటీలు ఎన్ని చింపేసిన్రో గుర్తున్నదా మేడం?"

"తప్పుడు కారణాలు రాశావు."

"మా బావ పెండ్లి తప్పుడు కారణమా?"

"ఒకే బావకు మూడుసార్లు చేశావు."

పడీ పడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నేను ఉన్నది అని పలికినంక పిల్లకు ఏమన్న అయితే జైలు నాకు. పిల్ల పాపం నాకు. నాతోని కాదు మేడం. సెలవు ఇయ్యలేదని కాదు. దేవుని మీద ఒట్టు."

నమ్మాను. అతను అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది.

ఇలాంటి గుమ్మాలు ఇంకా చాలా ఉన్నాయి. అందరి దగ్గరా కారణం ఉంది. ఒక్కటీ తప్పుడు కారణం కాదు.

నమోదు 25

ఆక్సిజన్ 20.0. మోనాక్సైడ్ 5. వేడి 33. బెల్టు మార్చారు.

ఉపాయం ఎల్లవ్వదే. గోడ మీద చెయ్యి ఆనించి, ఎవరూ వినకుండా చెప్పింది. "కార్డు వేరు పెట్టుకో అక్కా. మా అత్తను ఎప్పుడో వేరు పెట్టినం. కార్డు మీద ఆమెవరో మేమెవరమో. ఇప్పటికీ మా పొయ్యి మీదనే తింటది!"

ఇక్కడ ఒకే గాలి కార్డు మీద ఉన్నవాళ్లే కుటుంబం. కార్డు చీలిస్తే కొత్త కార్డుకు అదనపు కోటా వస్తుంది. అందుకని అత్తలు, మరుదులు, చివరికి మొగుళ్లు కూడా కాగితం మీద వేరు పడి ఒకే ఇంట్లో ఉంటారు. ముప్పై ఏళ్లు ఆ దొంగ కార్డులు పట్టుకోవడమే నా పని. ఇప్పుడు నేనే వెళ్లి కార్డు చీల్చమని అడిగాను.

శకుంతల కాగితాన్ని గట్టయ్య వైపు జరిపింది. గట్టయ్యే మాట్లాడాడు. "పెద్దమ్మా, దొంగ కార్డులు పట్టింది మీరు. మీ పేరు చెప్తె మా అమ్మ గజగజ వణికేది. ఇప్పుడు మీ కార్డు చీల్చి ఊకుంటె ఊరంతా నవ్వుతది. ఊరంతా జోడులైతరు."

"దొంగ కార్డు అడగడం లేదు. నిజంగా విడిపోతాను."

"వరస విడుపా?" అన్నాడు. చుట్టరికాన్నే తెంచుకునే ఆ మాట వాడి చాలా ఏళ్లయింది మా మట్టంలో.

షరతులు శకుంతల చదివింది. నేను వేరే గల్లీలో ఒంటరి గదికి మారాలి. ఆ ఇంట్లో తినకూడదు, పడుకోకూడదు, గుమ్మం దాటకూడదు. వరస పెట్టి పిలవకూడదు, పిలిపించుకోకూడదు. పోయినప్పుడు నా శవం కమిటీ లెక్కలో పోతుంది. రోజూ మొదటి పిలుపులో, పిల్ల తరఫున పలికిన తర్వాత పెట్టె నన్ను అడుగుతుంది, పిల్లకు నువ్వు ఏమవుతావని. ఏమీ కానని చెప్పాలి. గొంతులో వణుకును పెట్టె పట్టేస్తుంది. గ్యాసు కోసం పెట్టిన యంత్రం అది, దేని వణుకైనా దానికి ఒకటే. వణుకు వస్తే, మూడు పిలుపులకు జవాబు రాకపోతే, జోడు రద్దు. ఒకసారి విడిస్తే మళ్లీ కలపడం లేదు.

ఇంటికొచ్చి చెప్పాను. ఓదెలు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"బతికున్న తల్లికి నీళ్లు వదలమంటవా?"

"నీళ్లు అక్కర్లేదు. సంతకం చాలు."

"అందరం మొదటి మట్టానికి పోదాం. పిల్లను తీస్కొని. నాకు అలవాటే ఆ ఎండ."

"నీ చేతులు చూపించు."

చూపించలేదు. పలకలు కడిగీ కడిగీ మోచేతుల దాకా కాలిన మచ్చలున్నాయి ఆ చేతుల మీద. వాడికి నలభై నిండలేదు.

"అది ఆరేళ్లది రా" అన్నాను. "ఒక వేసవి. రెండోది చూడదు."

చాలాసేపటికి వచ్చి కూర్చున్నాడు. సంతకం పెట్టాడు. కాగితం మీద అక్షరాలు వంకర పోయాయి. చిన్నప్పుడు అలా రాస్తే మళ్లీ రాయించేదాన్ని.

సుగుణ కంచాలు తీస్తూ అడిగింది. "అత్తమ్మా, రేపటి సంది నిన్ను ఏమని పిలవాలె?"

"భూదేవి గారూ అని."

ఆమె ఓదెలు తినకుండా వదిలిన అన్నం గిన్నెలోకి తిరిగి వేసింది.

నమోదు 26

ఆక్సిజన్ 20.1. మోనాక్సైడ్ 5. వేడి 32. ఈ ఇంటి నమోదులో ఇదే నా చివరి రాత. రేపటి నుంచి సుగుణ రాస్తుంది. సున్నం పళ్లేలు ఎప్పుడు మార్చాలో చెప్పాను.

పిల్లకు చెప్పడం నా పని.

తల దువ్వుతూ చెప్పాను. ఎదురుగా కూర్చుంటే దానికి కష్టం. "రేపటి నుంచి నేను నీ బాపమ్మను కాను."

"ఉత్తగనా, నిజంగనా?"

ఉత్తగ అనొచ్చు. అంటే తేలికయ్యేది. కానీ ఒక మాట ఇంట్లో ఉత్తగ, పెట్టె ముందు నిజంగా అంటే ఈ పిల్లకు కుదరదు. ఏదో ఒక రోజు పెట్టె వింటుండగా బాపమ్మా అని పిలుస్తుంది. ఆ రోజుతో అయిపోతుంది.

"నిజంగ."

"బాపమ్మ చచ్చిపోయిందా?"

"లేదు."

"మరి ఎటు పోయింది?"

"ఎటూ పోలేదు. ఆ వరస పోయింది. మనిషి ఉన్నది."

"ఇంక నువ్వు ఎవరు?"

"నీ జోడును. పెట్టె పిలిస్తే నీ తరఫున ఉన్నది అని పలికే మనిషిని."

తల కదపకుండా ఆలోచించింది. "జోడు తల దువ్వుతదా?"

"దువ్వదు."

"కథ చెప్తదా?"

"చెప్పదు."

"మాస్కు పెట్టనిస్తదా?"

"పెట్టనివ్వదు."

ఒక్కొక్కటీ వేలు మడిచి చూసుకుంది. "బాపమ్మ ఉన్నప్పుడు మాస్కు పెట్టిన్రు. జోడుంటె పెట్టరు. జోడే మంచిది."

"అవును" అన్నాను. జడ చివర ముడి వేశాను. గట్టిగా వేశాను, రెండు రోజులైనా ఊడకుండా.

మూడో మట్టం, పదమూడో గల్లీ, ఒంటరి గది. భూదేవి గాలి నమోదు.

నమోదు 1

ఆక్సిజన్ 19.8. మోనాక్సైడ్ 6. వేడి 34. ఈ గదికి గాలి సరిగ్గా రాదు. ఫిర్యాదు రాశాను.

మొదటి పిలుపుకు ముందే పదకొండో గల్లీకి వెళ్లాను. గుమ్మం బయట నిలబడ్డాను. మొదటి రోజు కాబట్టి గట్టయ్య మాస్కు భుజాన వేసుకొని వచ్చాడు. అన్నదమ్ములు వచ్చారు. ఎల్లవ్వ చంటివాడితో తన గుమ్మంలోనే నిలబడింది. ఓదెలు లేడు. షిఫ్టు మార్చుకొని పైకి వెళ్లిపోయాడని సుగుణ చెప్పింది, నన్ను ఏమనీ పిలవకుండా.

పిల్ల లోపల నేల మీద కూర్చొని పెట్టె కింది మూలను చూస్తోంది.

"వరాలు."

నేను చూశాను. కళ్లు తెరిచి ఉన్నాయి. పెదవుల రంగు బాగుంది. ఊపిరి సమంగా ఉంది. జోడు చూడాల్సినవి అవే.

"ఉన్నది" అన్నాను.

పచ్చదీపం వెలిగింది. పెట్టె ఆగి, అడిగింది. "జోడు భూదేవి. పిల్లకు ఏమవుతావు?"

రాత్రంతా "ఏమీ కాను" అనే ఆ రెండు మాటలు గదిలో సాధన చేశాను. వణుకు లేకుండా వచ్చాయి. ఇప్పుడు నోరు తెరిచాను. పిల్ల జడ ఊడిపోయి మళ్లీ వేసి ఉంది. పాపిట ఒక పక్కకు పోయింది. పాపం, సుగుణకు రాదు. అది చూశాను. గొంతు రాలేదు.

"జోడు భూదేవి. పిల్లకు ఏమవుతావు?"

రెండోసారి. మాట ఉంది. దాన్ని పైకి తెచ్చేదేదో లేదు. సుగుణ గోడకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. గట్టయ్య భుజం మీంచి మాస్కు తీశాడు. అతని కళ్లలో నీళ్లు ఉన్నాయి. అయినా తీశాడు. తీయకపోతే కేసు.

వరాలు లేచింది. నా మొహం వైపు చూడలేదు, మెడ వైపు చూసింది, కదలని చోటు వైపు. వచ్చి పెట్టె ముందు నిలబడింది.

"ఏమీ కాదు" అంది.

ఈసారి పెట్టె పిలిచింది తన పేరు కాదు. మీటరు మీద అంకె చదివినట్టు అంది. ఏ వణుకూ లేదు. పెట్టె మీద వణుకును చూపే ముల్లు కదల్లేదు. పచ్చదీపం వెలిగింది.

"అరె! మాట్లాడింది గదా" అన్నాడు అన్నదమ్ముల్లో చిన్నవాడు. "మరి ఇన్ని రోజులు..."

"నోర్ముయ్" అన్నాడు గట్టయ్య. పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. జవాబు ఎవరి గొంతుతో రావాలో రూల్లో రాసి ఉందేమోనని వెతుక్కుంటున్నాడు. తర్వాత మాస్కు మళ్లీ భుజాన వేసుకున్నాడు. "పెట్టె ఒప్పుకున్నది" అన్నాడు. "ఇయ్యాలటికి ఐపోయింది. పోండి."

మధ్యాహ్నం పెట్టె మళ్లీ పిలిచింది, బడి దగ్గర. వరాలు పలకలేదు. నేను పలికాను. మధ్యాహ్నం పిలుపులో రెండో ప్రశ్న ఉండదు. రేపు పొద్దున ఉంటుంది. ఎల్లుండి ఉంటుంది.

కానీ ఈ రోజు పొద్దున, అందరూ వెళ్లాక, పిల్ల పలకా సంచీ తగిలించుకొని గుమ్మం దాటి వచ్చి నా పక్కన నిలబడింది.

"నీకు గొంతు రాలే" అంది. "నాకు తెలుసు. గట్లనే ఐతది. అందుకే నేను చెప్పిన."

"మంచి పని చేశావు."

"నీకు కూడ ఆటిజమా?"

"కాదు."

"గ్యాసా?"

"కాదు."

"మరి ఎందుకు రాలే?"

గల్లీ ఆ చివరి దాకా గోడపెట్టెలే. అన్నీ వింటూ పచ్చగా వెలుగుతున్నాయి. ఈ పిల్లకు ఉన్నది ఉన్నట్టే చెప్పాలని నేను పెట్టుకున్న నియమం. ఉన్నది చెబితే రేపు పిల్ల మూడో మట్టంలో ఉండదు.

"బడికి ఆలస్యమవుతోంది. నడువు" అన్నాను.

జవాబు రాదని తెలిశాక ముందుకు నడిచింది. నేను జోడు ఉండాల్సినంత దూరంలో, వెనక నడిచాను.